ఏడో నంబరు బోర్డు

వైకుంఠరావు ఆ పేజీని మూడుసార్లు చదివాడు. ఒకసారి కళ్ళజోడు లేకుండా, ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని, ఒకసారి పెరట్లోకెళ్ళి వెలుగులో. ఎన్నిసార్లు చదివితే మాత్రం అందులో అక్షరం మారుతుందా ఏమిటి? ఫోనుని అరుగుమీద బోర్లా పెట్టేసి, ఎండబోసిన జీడిపిక్కల పక్కన చతికిలబడ్డాడు.

ఆ పేజీ పంపినావిడ పేరు కృష్ణప్రియ. ఎయిర్‌ఫోర్సులో స్క్వాడ్రన్ లీడరు, విజయవాడ పిల్ల. వైకుంఠరావు తన సర్వీసులో సగానికి పైగా గడిపిన ముళ్ళపంది స్క్వాడ్రన్‌ని ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. పాత మిగ్ విమానాలకి కాలం చెల్లింది, వాటితోపాటు దానికీ చెల్లింది. చొక్కా మీద ముళ్ళపంది బొమ్మ కుట్టించుకుని తిరిగిన వాళ్ళందరికీ జ్ఞాపకంగా ఉంటుందని, స్క్వాడ్రన్ పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా చరిత్ర రాసి పుస్తకం వేస్తున్నారు. ఆ పని కృష్ణప్రియ నెత్తిన పడింది. వెతగ్గా వెతగ్గా ఆవిడకి పలాసలో ఈయన దొరికాడు.

"సర్, ఆ రోజుల్లో హ్యాంగర్లో పనిచేసినవాళ్ళలో ఓపికగా తిరుగుతున్నది మీరొక్కరే. ఆఖరి పరేడు రోజున మీరు వేదిక మీద కూర్చోవాలి" అని రెండు నెలలుగా ఒకటే ఫోన్లు. ఈయన మాత్రం తక్కువ తిన్నాడా? తెలిసిందల్లా చెప్పాడు. డెబ్బై ఒకటి యుద్ధం గురించి తన పైవాళ్ళ నోట విన్నది చెప్పాడు. ఎడారిలో ఇసక తుపానొస్తే ఇంజన్లకి తమ దుప్పట్లు కప్పి తాము చలికి వణికింది చెప్పాడు. ఏ కమాండింగ్ ఆఫీసరుకి ఆవకాయంటే ప్రాణమో కూడా చెప్పాడు. ఒక్క సంవత్సరాన్ని మాత్రం చల్లగా దాటేశాడు. ఇవాళ పొద్దున్న ఆవిడ వాట్సాప్‌లో పెట్టింది ఆ సంవత్సరాన్నే.

పేజీ ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇంతే. 1987 నవంబరు 19న ఉదయం ఆరూ నలభైకి లేచిన విమానం రెండు నిమిషాల్లో కూలిపోయింది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ విశ్వనాథ్, వయసు ఇరవై ఆరు, మరణించాడు. కార్పొరల్ నీలకంఠం నిర్లక్ష్యం వల్ల విమానం లోపల మిగిలిపోయిన స్క్రూడ్రైవరే కారణమని విచారణలో తేలింది. అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. కింద కృష్ణప్రియ సందేశం: "సర్, ఇది సరిగ్గా ఉందో లేదో చూసి, మీ జ్ఞాపకంగా నాలుగు వాక్యాలు పంపండి. శుక్రవారం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది."

ఆ రోజు మంగళవారం. ఆవిడ విడతలుగా పంపుతూ వచ్చిన నూట అరవై పేజీల పుస్తకంలో పైలట్ల పేర్లున్నాయి, కమాండింగ్ ఆఫీసర్ల పేర్లున్నాయి, వాళ్ళ భార్యలు పెట్టిన పూలతోట గురించి కూడా ఉంది. విమానాల కింద పాకి పాకి మోకాళ్ళు అరగ్గొట్టుకున్న మెకానిక్కుల్లో ఒక్కడి పేరు వచ్చింది. అది నీలకంఠం పేరు, అదీ ఇలా వచ్చింది.

నీలకంఠం ఈయనకి రక్తసంబంధమేమీ కాదు. ఈయనది పూండి పక్క పల్లె, అతనిది జలంత్రకోట. ఒకే ఏడాది చేరారు, శిక్షణలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు. ఊరుకాని ఊళ్ళో, భాషరాని కుర్రాళ్ళ మధ్య "ఏటి బావా" అని ఒక గొంతు వినబడేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచి బావ అంటే బావే. వీళ్ళ మాటల సాగదీత విని ఒక పంజాబీ సార్జెంటు "వీళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారా, పాట పాడుకుంటున్నారా" అనేవాడు. నీలకంఠం రెండేళ్ళు చిన్న, నవ్వుమొహం, నోరు మూతపడేది కాదు. వైకుంఠరావు నాలుగు మాటలకి ఒక మాట ఆడే రకం. పనిలో మాత్రం ఇద్దరూ ఘటికులే.

విమానం పనిలో ఒక కట్టడి ఉంది. పనిముట్లన్నీ ఒక చెక్క బోర్డుకి తగిలించి ఉంటాయి. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారమే ఎర్రరంగుతో వేసి ఉంటుంది. స్క్రూడ్రైవరు తీస్తే, ఆ చోట స్క్రూడ్రైవరు ఆకారంలో ఎర్రటి ఖాళీ కనిపిస్తుంది. సాయంత్రం పనయ్యాక బోర్డు చూడాలి. ఎక్కడా ఎరుపు కనపడకపోతే పనిముట్లన్నీ తిరిగొచ్చినట్టు. అప్పుడే ఆ విమానం పని రాసే పుస్తకంలో సంతకం. ఎక్కడైనా ఎర్రగా కనపడిందా, ఇక ఆ విమానం కదలడానికి వీల్లేదు. ఎంత పొద్దుపోయినా మూతలన్నీ విప్పి వెతకాల్సిందే. ప్రతి బోర్డుకీ ఒక నంబరు, అదే నంబరు ఆ బోర్డు పనిముట్ల మీద చెక్కి ఉంటుంది. ఏడో నంబరు బోర్డు నీలకంఠానిది.

నవంబరు పద్దెనిమిది సాయంత్రం నీలకంఠం ఒక విమానం పొట్టకింద మూత విప్పి పని చేస్తున్నాడు. గేటు దగ్గర టెలిగ్రాము వచ్చి ఉందని కబురొచ్చింది. అతని భార్య మంగాదేవి పురిటికి జలంత్రకోటలో ఉంది, నెలలు నిండాయి. కుర్రాడికి చేతులు ఆడలేదు.

"ఎల్లు బావా, ఎల్లు. ఈ మూత నాను బిగించీత్తాను గానీ, నువ్వెల్లి సూసుకోని రా" అన్నాడు వైకుంఠరావు.

అది తప్పే. ఎవరు విప్పిన మూత వాళ్ళే బిగించాలి. కానీ బావ తండ్రి కాబోతున్నాడంటే, రూళ్ళు వల్లించేవాడు బావెలా అవుతాడు? ప్రేమకొద్దీ పొమ్మన్నాడు. మిగిలిన పని తనే ముగించాడు, మూత బిగించాడు, పనిముట్లు ఒక్కొక్కటే బోర్డుకి తగిలించాడు. చివరికి ఒక ఎర్రటి ఖాళీ మిగిలింది. చిన్న స్క్రూడ్రైవరుది.

జేబులు తడుముకున్నాడు. చక్రాల దగ్గర పాకి చూశాడు. లేదు. పక్కవాళ్ళెవరో అడక్కుండా పట్టుకుపోయి ఉంటారనుకున్నాడు, అది మామూలే. చీకటి పడుతోంది. ఇంకెంతసేపని సార్జెంటు కేకలు. స్క్రూడ్రైవరు పోయిందంటే మూత విప్పాలి, విప్పితే బిగించిందెవరని అడుగుతారు, బావ చెప్పకుండా వెళ్ళిన సంగతి బయటపడుతుంది. ఇంత ఆలోచించి, స్టోరులోంచి నంబరు లేని స్క్రూడ్రైవరొకటి తెచ్చి ఆ ఖాళీలో తగిలించేశాడు. పొద్దున్నే అసలుది దొరుకుతుంది, మార్చేద్దాం అనుకున్నాడు.

నీలకంఠం పరుగెత్తుకొచ్చాడు. "బావా! ఆడగుంట! ఆడగుంట పుట్టినాది బావా!" అంటూ ఈయన్ని ఎత్తి గిర్రున తిప్పేశాడు.

"సాల్లే, దించు. అన్నీ అయిపోనాయి, సంతకమెట్టు" అన్నాడు వైకుంఠరావు.

నీలకంఠం బోర్డుకేసి చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. సంతకం పెట్టేశాడు.

పొద్దున్న వైకుంఠరావు పక్క బోర్డుల వాళ్ళని స్క్రూడ్రైవరు గురించి అడుగుదామని వచ్చేసరికి విమానం లేచిపోయింది. విమానాన్ని తిప్పే కర్ర చేతిలో బిగుసుకుపోయిందని విశ్వనాథ్ రేడియోలో అన్నాడు. అదే అతని ఆఖరి మాట. ఊరవతల నల్లటి పొగ లేచింది. హ్యాంగర్లో ఉన్నవాళ్ళందరూ పొగవైపు పరుగెత్తుతుంటే ఒక్క మనిషి వెనక్కి పరుగెత్తాడు. నంబరు లేని స్క్రూడ్రైవర్ని ఏడో బోర్డు మీంచి పీకి, తీసుకెళ్ళి స్టోరులో పడేశాడు. ఎందుకలా చేశావయ్యా అంటే, ఒట్టి పిరికితనం, అంతే.

ముక్కలైన విమానంలో ఏడు అని చెక్కిన స్క్రూడ్రైవరు దొరికింది. బోర్డు మీద ఎర్రటి ఖాళీ ఉంది. పుస్తకంలో నీలకంఠం సంతకం ఉంది. ఇక విచారణకి మిగిలిందేముంది? మూత ఎవరు బిగించారంటే నీలకంఠం "నేనే" అన్నాడు. బోర్డు చూశావా అంటే "చూశాను, నిండుగా కనపడింది" అన్నాడు. ఖాళీ బోర్డుని ఎదురుగా పెట్టి మళ్ళీ అడిగారు. తలొంచుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు వైకుంఠరావు "నేను పక్క విమానం దగ్గరున్నాను సార్" అన్నాడు. ఆ ఒక్క వాక్యం, అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. నీలకంఠాన్ని మూడు నెలలు లోపల పెట్టి, ఆ తర్వాత ఇంటికి తోలేశారు.

మరి ఇన్నేళ్ళూ ఈ మనిషికి నిద్రెలా పట్టింది అంటారా? తనకి నచ్చిన అబద్ధం ఒకటి అల్లుకుని, దాన్నే దిండులా తలకింద పెట్టుకున్నాడు. బావకి అన్నీ తెలుసు, అన్నదే ఆ అబద్ధం. సాయంత్రం నిండుగా ఉన్న బోర్డు పొద్దున్నకి ఖాళీ అయితే ఆమాత్రం ఊహించలేడా? ఊహించాడు. ఊహించే, మూత నేనే బిగించానని చెప్పి నన్ను కాపాడాడు. ఎంత మనసు వాడిది! ఇలా అనుకుని అనుకుని, తను చేసిన ద్రోహాన్ని బావ చేసిన త్యాగం కింద మార్చేసుకున్నాడు. సార్జెంటయ్యాడు, వారెంట్ ఆఫీసరయ్యాడు, రిటైరయ్యాడు. ఆగస్టు పదిహేనుకి బళ్ళలో జెండా ఎగరెయ్యమని పిలిస్తే వెళ్ళి, నిజాయితీ గురించి పిల్లలకి చెప్పి మరీ వచ్చాడు. సిగ్గుండాలి.

నీలకంఠం ఊరొచ్చి కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పడ్డాడు. పాతికేళ్ళు ఆ ఉద్దానం ప్రాంతం నీళ్ళు తాగాడు. చుట్టుపక్కల ఇంటింటా పోయినట్టే అతనికీ కిడ్నీలు పోయాయి. నీళ్ళవల్లో, ఎండలో చాకిరీవల్లో, మరి దేనివల్లో ఎవరూ తేల్చి చెప్పలేదు. వైకుంఠరావు మాత్రం తేల్చేసుకున్నాడు. తను బదిలీల మీద ఎక్కడెక్కడి నీళ్ళో తాగి బతికిపోయాడు, బావని ఈ నీళ్ళకి తోలింది తను.

ఊరొచ్చాక ఒకే ఒక్కసారి ఎదురుపడ్డారు, పలాస స్టేషన్లో. నీలకంఠం మంగాదేవి చెయ్యి పట్టుకుని డయాలిసిస్‌కి విశాఖపట్నం వెళ్తున్నాడు. పాదాలు పొంగిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. మొహాన నవ్వు మాత్రం అదే.

"బావా, ఒక్కమాటడగనా?" అన్నాడు. "ఆ సాయంత్రం బోర్డు నాకు నిండుగా కనిపించినాది. నువ్వూ అక్కడే ఉన్నావు గదా. నీకెలాగ కనిపించినాది బావా?"

వైకుంఠరావు రైలు పట్టాలకేసి చూపు తిప్పుకున్నాడు. చూశావా, వీడికి తెలుసు, తెలుసన్న సంగతి ఇలా అడిగి చెబుతున్నాడు అనుకున్నాడు. "పాత మాటలిప్పుడెందుకు బావా. ఒంట్లో ఎలాగున్నాదో సెప్పు" అని మాట మార్చేశాడు. రైలొచ్చింది. నీలకంఠం ఎక్కి, కిటికీలోంచి ఈయన వైపే చూస్తూ వెళ్ళాడు. ఆర్నెల్లు తిరక్కుండా పోయాడు. పదకొండో రోజున వైకుంఠరావు వెళ్ళి, ఎవరి మొహమూ చూడకుండా భోంచేసి వచ్చేశాడు. అది జరిగి పన్నెండేళ్ళయింది.

"ఏటండీ, ఎండలో కూకొని ఏటి సేత్తన్నారు? అన్నం సల్లారిపోతన్నాది" అంటూ భార్య కమలకుమారి పెరట్లోకి వచ్చింది. మొగుడి మొహం చూసి, చేతిలో గరిటె పక్కన పెట్టి కూర్చుంది.

చెప్పేశాడు. టెలిగ్రాము దగ్గర్నుంచి స్టేషన్ దాకా, ఏదీ దాచకుండా.

"ముప్పై ఎనిమిదేళ్ళు" అంది ఆవిడ. "నా పక్కన కూకొని ముప్పై ఎనిమిదేళ్ళు కూడు తిన్నారు. నాకొక్క ముక్క సెప్పలేదు."

"ఇప్పుడు ఉన్నదున్నట్టు రాసి పంపెయ్యమంటావా? పరేడుకి పిలవరు. నా పేరు పెట్టి పుస్తకంలో ఏత్తారు."

"పిలవకపోతే మానీండి. ఆ కుర్చీ ఎవులిక్కావాలి?" అంది కమలకుమారి. "కానీ కాయితం మీద రాసీసి సేతులు దులుపుకోడం కాదండీ. ముందెల్లి మంగాదేవికి సెప్పండి. పుస్తకం అచ్చయ్యాక సూసి తెలుసుకోవాలేటి ఆ మనిషి?"

మర్నాడు మధ్యాహ్నం కాశీబుగ్గలో ఇచ్ఛాపురం బస్సెక్కి, జలంత్రకోట జంక్షన్లో దిగాడు. తిత్లీ తుపానుకి నేలకూలిన కొబ్బరిచెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. దారిలో నాలుగుసార్లు ఆగాడు, నాలుగుసార్లూ వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. మంగాదేవికి అరవై దాటింది. వసారాలో కూర్చుని చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు చీలుస్తోంది.

"ఓలమ్మా, అన్నియ్యేటి! దారి తప్పి గానీ రాలేదు గదా?" అని నవ్వుతూ లేచింది. మంచం వాల్చింది. మంచినీళ్ళిచ్చింది. వదినెలాగుందని అడిగింది.

వైకుంఠరావు ఫోను తీసి పుస్తకం సంగతి చెప్పాడు. స్క్వాడ్రన్ చరిత్ర వేస్తున్నారు, అందులో బావ పేరుంది అన్నాడు. ఏమని ఉందో తెలుగులో చెప్పాడు. నిర్లక్ష్యం అన్న మాటని గబగబా దాటేశాడు.

మంగాదేవి మళ్ళీ ఈనె అందుకుంది. "నిజమే రాసినారు గదన్నియ్యా. ఆయనా అదే అనీవోడు."

"ఏటనీవోడు?"

"నా కళ్ళు నన్ను మోసం సేసినాయి మంగా, అనీవోడు. కూతురు పుట్టినాదన్న సంబరం కళ్ళకి అడ్డమొచ్చేసి, ఖాళీ ఉన్నచోట నిండుగా కనిపించినాది, నా సంబరానికి ఒక తల్లి కొడుకు సచ్చిపోనాడు, అనీవోడు. ఇంక అప్పట్నుంచీ ఆ మనిషి తన కళ్ళని నమ్మితే ఒట్టు. తోటకాడ తలుపేసి వచ్చీవోడు, మళ్ళీ ఎల్లి సూసీవోడు. వచ్చి కూకోని, మా గుంట శశిని పిలిసి, 'అమ్మా, నా కళ్ళు పనికిరావు, నువ్వెల్లి సూసి రా' అనీవోడు. ఏ కాయితం మీదా సంతకం ఎట్టలేదన్నియ్యా. ఆ గుంట బడి కార్డు మీద కూడా నాదే సంతకం."

వైకుంఠరావు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

"ఏటా ఆ రోజుకి పైలట్ బాబు పేరు మీద అయ్యవోరికి బియ్యం, పప్పు ఇచ్చీవోడు" అంటోంది మంగాదేవి. "గోత్రం ఏటంటే తెలీదు. 'మా గోత్రమే సెప్పీండి, ఆ బాబు నా వల్లే పోనాడు, నా వోడే' అన్నాడు. శశి పుట్టిన్రోజు ముందు రోజే వస్తాది గదా, ఒక్క ఏడూ సెయ్యనివ్వలేదు. పాయసం వొండితే లేసెల్లిపోయీవోడు."

"బావకి… ఎప్పుడూ అనుమానం రాలేదా?" అన్నాడు వైకుంఠరావు. ఆ మాట అడుగుతున్నప్పుడే జవాబు తెలిసిపోయింది. అడక్కుండా ఉండలేకపోయాడు.

"రాకేటి? 'నిండుగా సూసినట్టే ఉన్నాది మంగా, నాకు పిచ్చెత్తిపోతన్నాది' అని ఎన్నిమార్లు ఏడ్సినాడని! పలాస టేషన్లో నువ్వగుపించినావు, గుర్తున్నాదా? నిన్నడగాలని ఎన్నేళ్ళగానో ఉన్నాది ఆయనికి. అడిగినాడు. నువ్వు పాత మాటలెందుకన్నావు. రైలు కదిలినాక నా భుజమ్మీద తల పెట్టీసి, 'బావకి ఖాళీగానే కనిపించినాది మంగా. నన్ను బాధెట్టడం ఇష్టం లేక మాట మార్సీసినాడు. ఇంక అనుమానం లేదు, నానే సంపినాను' అన్నాడు. ఆ తరవాత ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు."

వైకుంఠరావు మంచం దిగి మట్టిలో కూర్చున్నాడు. బావకి తెలుసు, బావకి తెలుసు అనుకుంటూ ముప్పై ఎనిమిదేళ్ళు గడిపాడే, బావకేమీ తెలీదు. బావ అతణ్ణి కాపాడలేదు, క్షమించలేదు, అనుమానించను కూడా లేదు. సాయం చేసిన బావకి మాట రాకూడదని మూత నేనే బిగించానన్నాడు, అంతే. నీకెలాగ కనిపించింది బావా అని అడిగింది నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"సెల్లీ" అన్నాడు. "బోర్డు నిండుగానే ఉన్నాది."

మంగాదేవి తలెత్తింది.

"బావ సూసినప్పుడు నిండుగానే ఉన్నాది. నింపింది నాను. వేరే స్క్రూడ్రైవరు తెచ్చి నానే పెట్టినాను. విమానం పడిపోనాక నానే తీసీసినాను. మూత బిగించిందీ నానే, లోపల వొదిలీసిందీ నానే. ఆడి కళ్ళు తప్పు సూడలేదమ్మా. ఆడు సరిగ్గానే సూసినాడు."

ఆవిడ చేతిలో ఈనె అలాగే ఉండిపోయింది. "ఇంకోపాలి సెప్పు" అంది.

చెప్పాడు.

"ఇంకోపాలి సెప్పు."

మూడోసారి చెప్పేటప్పుడు వెక్కిళ్ళొచ్చాయి. మంగాదేవి కళ్ళ వెంట ఒక్క చుక్క రాలేదు. "నాకు సెప్తే ఏటొస్తాది అన్నియ్యా?" అంది చాలా నెమ్మదిగా. "ఈ ముక్క ఆయనికి గదా కావాలి. టేషన్లో ఈ ఒక్క ముక్కే గదా అడిగినాడు నిన్ను. ఇక్కడ్నుంచి పలాస ఎంతదూరం? ఆ ఆర్నెల్లల్లో ఒక్కరోజు కుదరలేదేటి నీకు?"

వైకుంఠరావు కింద పడిన ఈనెలు ఏరసాగాడు.

నాలుగున్నరకి శశికళ స్కూటీ మీద వచ్చింది. సోంపేటలో టీచరు. తల్లిని చూసుకోవచ్చని అత్తవారిల్లు వదిలి, మొగుడితో సహా పక్కింట్లోనే ఉంటోంది. ఈయన్ని చూసి "బాగున్నారా మావయ్యా" అంది. మట్టిలో ఎందుకు కూర్చున్నాడో అర్థంకాక తల్లివైపు చూసింది.

"ఈ మావయ్య ఏటో సెప్తన్నాడు. విను" అంది మంగాదేవి.

నాలుగోసారి చెప్పాడు. ఈసారి ఏడవలేదు, ఏడ్చే హక్కు లేదనిపించింది. శశికళ హ్యాండుబ్యాగు భుజాన ఉండగానే నిలబడి విన్నది. టీచరు కదా, మధ్యలో రెండుచోట్ల ఆపి, అర్థంకానిది అడిగి తెలుసుకుంది. అంతా అయ్యాక ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"అంటే, నేను పుట్టడం వల్ల కాదన్నమాట."

"కాదమ్మా."

"చిన్నప్పట్నుంచీ నా వల్లే అనుకున్నాను. ఒకరోజు ఆగి పుట్టుంటే నాన్న సరిగ్గా చూసేవాడు కదా అనుకున్నాను. వచ్చే నెలకి నాకు ముప్పై ఎనిమిది వెళ్తాయి మావయ్యా." అరుగుమీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. మంగాదేవి లేచి వెళ్ళి కూతురి తల పొట్టకి ఆనించుకుంది. వాళ్ళిద్దరినీ ఓదార్చడానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఈయన ఆ పనికి పనికిరాడు.

కాసేపటికి శశికళే మొహం తుడుచుకుంది. "ఆవిడకి ఫోన్ చెయ్యండి. మా ముందే చెప్పండి" అంది.

కృష్ణప్రియ మొదటి రింగుకే ఎత్తింది. "సర్, మీ నాలుగు వాక్యాల కోసమే చూస్తున్నాను" అంది హుషారుగా. వైకుంఠరావు స్పీకరు పెట్టి, ఐదోసారి చెప్పాడు.

"సర్, ఇది వేస్తే ఏమవుతుందో ఆలోచించారా? మీమీద విచారణ పెట్టొచ్చు. పరేడుకి…"

"రానమ్మా. పరేడుకి రాను. విచారణ పెడితే వత్తాను."

"పాత తీర్పు మార్చడం నా చేతిలో లేదు సర్. కానీ నిర్లక్ష్యం అన్న ఆ వాక్యం తీసేసి, మీ మాటలు మీ పేరుతో వేస్తానని కమాండింగ్ ఆఫీసర్ని ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. కాదనరనే అనుకుంటున్నాను" అంది. గొంతు సవరించుకుని, "ఆ పేజీలో నీలకంఠం గారి ఫొటో వేద్దాం సర్. యూనిఫారంలో ఉన్నది ఒకటి కావాలి" అంది.

శశికళ తల్లివైపు చూసింది. మంగాదేవి తల అడ్డంగా ఊపింది. "ఒక్కటీ లేదు. వచ్చిన ఏడాదే అన్నీ మూటగట్టి బారువా సముద్రంలో వొదిలీసినాడు. ఆ బట్టల్లో మీ నాన్నెలాగుండీవోడో నువ్వు సూడనే లేదు."

"నా దగ్గరొకటున్నాది" అన్నాడు వైకుంఠరావు. "విమానం ముందర తీసింది. ఇద్దరం ఉన్నాం అందులో."

శశికళ లేచి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయిగానీ గొంతు గట్టిగా ఉంది.

"మా నాన్న ఒక్కడే ఉండేటట్టు కత్తిరించి పంపండి మావయ్యా" అంది.

ఆ ఫొటోలో నీలకంఠం నవ్వుతూ ఈయన భుజం చుట్టూ చెయ్యి వేసి ఉన్నాడు. చెయ్యి తెగకుండా కత్తిరించడం కుదరదు. ఆ సంగతి నోటిదాకా వచ్చింది. వైకుంఠరావు దాన్ని మింగేసి, "అలాగేనమ్మా" అన్నాడు.